సింకులో గిన్నెలు, స్టేటస్‌లో వాక్యం

ఆ ఆదివారం పొద్దున్న ఆరున్నరకి మా చర్చి యూత్ గ్రూపులో ఒక ఫొటో పెట్టాను. దోసెల పిండి ఫొటో. రాత్రి సగం గిన్నె ఉన్నది, తెల్లారేసరికి మూతని పక్కకి నెట్టేసి అంచు దాకా పొంగింది. కింద నాలుగు ముక్కలు రాశాను. ఎవరూ చూడని చీకట్లో పిండి పులిసినట్టే దేవుని రాజ్యం మన లోపల చప్పుడు లేకుండా పెరుగుతుందని, తొందరపడి మాటిమాటికీ మూత తీసి చూడకూడదని.

పావుగంటలో ముప్పై ఏడు ఆమెన్‌లు. అయ్యగారు కూడా ‘మంచి తలంపు బ్రదర్, వందనాలు’ అని పెట్టారు.

అదే గ్రూపులో మా ఆవిడ కూడా ఉంది. స్టవ్ పక్కన ఫోన్ టింగుటింగుమంటుంటే తీసి చదివింది. పెనం మీద దోసె తిరగేస్తూ అడిగింది.

“పిండి రుబ్బింది ఎవరు?”

“నువ్వే కదా.”

“ఆ ముక్క మెసేజ్‌లో లేదే?”

నవ్వేశాను. అది తప్పయిపోయింది. మా ఇంట్లో నలుగురి ముందు నేను ‘మీరు’, ఇద్దరమే ఉంటే ‘నువ్వు’, కోపమొస్తే మళ్లీ ‘మీరు’. ఇప్పుడు ‘మీరు’లోకి వెళ్లిపోయింది.

“మూడు కప్పుల బియ్యం, కప్పు మినప్పప్పు, అర చెంచా మెంతులు. నిన్న పొద్దున్న నానబెట్టింది నేను. సాయంత్రం ఆఫీసు కాల్‌లో మ్యూట్ పెట్టుకుని గ్రైండర్ వేసింది నేను. ఆ గ్రైండర్ కడగడం ఎంత విసుగో మీకు తెలీదు, ఒక్కసారి కూడా కడగలేదు కాబట్టి. పొంగి కింద కారింది చూడండి, ఆ గట్టు తుడవబోయేది కూడా నేనే. మీరు ఫొటో తీశారు. ఆమెన్‌లు మీకొచ్చాయి.”

దోసె నా ప్లేట్లో వేసింది. వెళ్తూ వెళ్తూ ఇంకో మాట అంది.

“ఇవాళ్టి నుంచి రాత్రి కుటుంబ ప్రార్థనకి నన్ను పిలవకండి. మీరు మొదలుపెట్టే టైముకి నాకు ఆమెన్ అనే ఓపిక కూడా మిగలట్లేదు.”

పెళ్లయి రెండేళ్లు. ఒక్క రోజు కూడా ప్రార్థన మానకుండా నడిపిస్తున్నాననేది నా లోపలి గర్వం. దోసె గొంతు దిగలేదు.

అలాగే మనం కూడా...

నేనేమీ పాస్టర్‌ని కాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తను కూడా అంతే, కాకపోతే సపోర్ట్ టీమ్ కాబట్టి ఆమె కాల్స్ రాత్రిళ్లు కూడా ఉంటాయి. ఇంట్లో ప్రతి వస్తువులోనూ ఒక ఆత్మీయ పాఠం వెతికే అలవాటు నాకు మా ఊరి నుంచే వచ్చింది. రేపల్లె దగ్గర లూథరన్ చర్చి, సండే స్కూలు, వేసవిలో యవ్వనస్థుల కూడికలు. అక్కడికొచ్చే ప్రసంగీకులంతా మా దగ్గరున్న వస్తువులతోనే మాట్లాడేవాళ్లు. కుక్కర్‌లో ఒత్తిడి ఉంటేనే అన్నం ఉడుకుతుంది. బల్బు ఎంత ఖరీదైనదైనా కరెంటు లేకపోతే చీకటే. ఫోన్లు వచ్చాక చార్జర్ వచ్చింది, ఆ తర్వాత వైఫై. మీలో చర్చికి వెళ్లేవాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. ఈ పాఠాలన్నీ మీరూ విన్నారు, కొన్ని ఫార్వర్డ్ కూడా చేసుంటారు.

ఇంజినీరింగ్ చదివినవాడిగా ఇందులో ఫార్ములా నాకు తొందరగానే దొరికింది. ఒక వస్తువు, ఒక వాక్యం, మధ్యలో ‘అలాగే మనం కూడా’. ఆ వంతెన ఎక్కించామంటే చీపురునైనా సరే పరలోకం దాకా తోలేయొచ్చు. రోజుకొకటి రాసేవాణ్ణి. రాయడానికి పది నిమిషాలు కూడా పట్టేది కాదు.

సరిగ్గా మూడు వారాల్లో యూత్ మీటింగ్. మాట్లాడాల్సింది నేనే. అంశం కూడా నేనే అడిగి తీసుకున్నాను: ‘మన ఇల్లే మన బడి’. ఇంట్లో ఒకరు మాట్లాడ్డం మానేసిన టైములో ఈ టాపిక్ మీద ఏం ప్రసంగం చేస్తాం? అయినా బైబిల్ తెరిచాను. అసలు ప్రభువు ఇంటి సామాన్లతో పాఠాలు ఎలా చెప్పాడో వరసగా చూద్దామని.

మూడు కుంచాల పిండి

ముందు మత్తయి 13వ అధ్యాయం. ఒకావిడ పుల్లని పిండిని మూడు కుంచాల పిండిలో దాచిపెడుతుంది, మొత్తం పులిసి పొంగుతుంది. ఉపమానం ఇంతే, ఒక్క వాక్యం. నా దోసెల పిండి మెసేజ్‌కి మూలం ఇదే.

కుంచం మన పాత కొలత. సోల, తవ్వ, మానిక, కుంచం అని మా నాయనమ్మ లెక్క చెప్పేది. గ్రీకులో ఉన్న కొలత వేరు. ఆ మూడు కొలతలూ కలిపితే దాదాపు ముప్పై అయిదు, నలభై లీటర్ల పిండి అని చాలామంది పండితులు లెక్కగట్టారు. ఒక ఇంటి పూట భోజనానికి కాదు, పెళ్లికి సరిపోయేంత. నేను ఇన్నేళ్లూ ఈ ఉపమానంలో పొంగిన పిండినే చూశాను. అంత పిండి పిసికినామె చేతులు ఎప్పుడూ చూడలేదు. యేసు ఆమెని వదిలేయలేదు. వాక్యం మొదలే ఆమెతో. పిండి దానంతటదే గిన్నెలోకి వచ్చి కూర్చోలేదు, ‘ఒక స్త్రీ’ తీసుకుంది, కలిపింది. నా మెసేజ్‌లో మాత్రం పిండి ఉంది, ఆమె లేదు.

పైగా నా పోలికే తప్పు. ఆ రోజుల్లో ప్యాకెట్ ఈస్ట్ లేదు. కిందటిసారి పులిసిన ముద్దలోంచి కొంచెం తీసి దాచి కొత్త పిండిలో కలిపేవాళ్లు. మన దోసెల పిండిలో అలా ఏదీ కలపక్కర్లేదు. మినప్పప్పుతో పాటే వచ్చే బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. మన వంటింట్లో ఆ ఉపమానానికి దగ్గరి చుట్టం దోసె కాదు, పెరుగు. నిన్నటి పెరుగులోంచి ఒక చెంచా తోడు మిగల్చాలి, పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే వెయ్యాలి, వేడి ఎక్కువైతే విరుగుతాయి, చల్లారిపోతే తోడుకోదు. ఇవన్నీ రోజూ రాత్రి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. మా ఇంట్లో ఆ ‘ఎవరో ఒకరు’ నేను కాదని మీకు ఈపాటికి అర్థమైపోయుంటుంది.

ఈ ఆలోచనలో ఉండగానే పాత గుడ్డకి కొత్త గుడ్డ మాసిక వెయ్యకూడదన్న మాట కనిపించింది. కొత్తది ముడుచుకుని పాతదాన్ని లాగేస్తుంది, చిరుగు ఇంకా పెద్దదవుతుంది. ఇది గుళ్లో నేర్చుకునే విషయం కాదు. లూకా ప్రకారం ఆయన బోధ మొదలుపెట్టేటప్పటికి సుమారు ముప్పై ఏళ్లు. అంటే అప్పటిదాకా ఒక మామూలు ఇంట్లోనే. అక్కడ మాసికలు వేసింది మరియమ్మే అయ్యుండాలి, పక్కన కూర్చుని చూసింది ఆయనే అయ్యుండాలని నా ఊహ. అంతకాలం చూసినవాడు మాట్లాడితే ఉపమానాలు. ఫొటో తీసి పది నిమిషాల్లో రాస్తే నా స్టేటస్‌లు.

సీల పోయిన రోజు

ఆ వారంలోనే తన కమ్మ సీల పోయింది. చెవి వెనక తిప్పేది, పెసరగింజంత ఉంటుంది. వాళ్లమ్మ పెళ్లికి పెట్టిన జత. ఆఫీసు కాల్ అయిదు నిమిషాల్లో ఉంది, ఆమె మొహం చూస్తే ఏడుపు ఒక్కటే తక్కువ. నాతో మాట్లాడకపోయినా, “సీల కనపడట్లేదు” అని గాల్లోకి అంది.

“నువ్వెళ్లు, నేను చూస్తా” అన్నాను.

చీపురు పట్టుకున్నాను. ఫోన్ టార్చి వేసి సోఫా జరిపాను. మేము ఈ ఫ్లాట్‌లోకి వచ్చాక ఆ సోఫా నేను జరపడం అదే మొదటిసారి. కానీ దాని కింద దుమ్ము లేదు. తనే ఎప్పటికప్పుడు ఊడుస్తోందన్నమాట. నిజానికి ఆ క్షణంలో నాకు సిగ్గేసింది. కనీసం దుమ్ము ఉన్నా బావుండేది అనిపించింది.

లూకా 15లో పది వెండి నాణేలున్న ఒకావిడ ఉంది కదా. ఒకటి పోతే దీపం వెలిగించి, ఇల్లంతా ఊడ్చి, దొరికేదాకా వెతుకుతుంది. ఆ నాణెం సుమారు ఒక రోజు కూలి. పట్టపగలు దీపమెందుకని చిన్నప్పుడు నాకు డౌటు. కపెర్నహూములో తవ్వకాల్లో బయటపడిన ఆ కాలపు ఇళ్లు చూస్తే తెలుస్తుంది. నల్లటి బసాల్టు రాళ్ల గోడలు, వెలుతురు అంతంతమాత్రం, నేల కూడా రాళ్లు పరిచిందే. రాయికీ రాయికీ మధ్య సందులు. ఆ సందులో నాణెం పడితే కంటికి కనిపించదు. చీపురు తగిలి చప్పుడు చేయాల్సిందే.

మా సీల కూడా కంటికి దొరకలేదు. నలభై నిమిషాలు. మంచం కింద, వాషింగ్ మెషీన్ వెనక, బాత్రూమ్ జాలీ దగ్గర. నడుం పట్టేసింది. చివరికి వంటింటి గుమ్మం దగ్గర చీపురు పుల్లల్లో ఇరుక్కుని బయటికొచ్చింది. కాల్ మధ్యలో ఉన్న తనకి తలుపు సందులోంచి చూపించాను. హెడ్‌సెట్ తియ్యకుండానే నవ్వింది. ఆరు రోజుల తర్వాత.

ఆ ఉపమానంలో పోయిన నాణెం మనమేనని, వెతికేది దేవుడని చిన్నప్పటి నుంచి విన్నాను. కానీ దేవుణ్ణి చీపురు పట్టుకున్న ఇల్లాలిగా చూపించాడు యేసు. మంద వెనక తిరిగే కాపరినీ, తప్పిపోయిన కొడుకు కోసం ఎదురుచూసే తండ్రినీ మన చర్చి క్యాలెండర్ల మీద ఎన్నోసార్లు చూశాను. మధ్యలో ఉన్న ఈమె బొమ్మ ఒక్క క్యాలెండర్ మీద కూడా చూసిన గుర్తు లేదు. అదే అధ్యాయం, అదే వరస.

మార్త వంట మానేస్తే?

ఇక తప్పించుకోలేని కథ ఒకటుంది. మార్త, మరియ. యేసు ఇంటికొస్తే మరియ పాదాల దగ్గర కూర్చుని వింటుంది, మార్త వంటపనిలో తిరుగుతూ, చెల్లెల్ని నాకు సాయం చెయ్యమనండి అని ఫిర్యాదు చేస్తుంది. మరియ మంచిది ఎంచుకుంది అంటాడు ఆయన. దీని మీద నేను విన్న ప్రసంగాలన్నీ ఒకే దారి: పనులు తగ్గించుకోండమ్మా, వాక్యానికి సమయమివ్వండి. చెప్పేది ఎక్కువగా మగవాళ్లే. చెప్పి దిగాక అమ్మగార్లు తెల్లవారుజామున లేచి చేసిన బిర్యానీ తిని వెళ్తారు. నేనూ తిన్నాను, తప్పు పట్టే అర్హత నాకు లేదు.

సీల దొరికిన రాత్రి తననే అడిగాను, ఈ కథ నీకెలా అనిపిస్తుందని.

“మార్త మీద నాకు జాలి. ఆమె అడిగింది తప్పేం కాదు. పనిలో చెయ్యి వెయ్యమనే కదా అడిగింది. మగవాళ్లని అడగడం ఆ రోజుల్లో కుదరదు కాబట్టి చెల్లెల్ని అడిగింది.”

నేను వాదించాను. పాదాల దగ్గర కూర్చోవడమంటే ఆ కాలంలో శిష్యరికం, పౌలు కూడా గమలీయేలు పాదాల దగ్గర పెరిగానని చెప్పుకున్నాడు, ఆడవాళ్లని వంటింట్లోంచి బయటికి పిలిచిన మాట అది, అని. ఆమె ఒప్పుకుంది. “అది మంచిదే. మరి ఆ రోజు భోజనం సంగతి?”

దానికి లూకా దగ్గర జవాబు లేదు. కానీ యోహాను దగ్గర కొంచెం ఉంది అనిపిస్తుంది. 13వ అధ్యాయంలో ఆయన పైవస్త్రం తీసి పక్కనపెట్టి, తువాలు నడుముకి కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడిగాడు. 21వ అధ్యాయంలో పునరుత్థానం తర్వాత, రాత్రంతా వలలు వేసి ఒడ్డుకొస్తున్న శిష్యుల కోసం నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టెతో సిద్ధంగా ఉంచాడు. మరణాన్ని గెలిచి వచ్చినవాడు పొద్దున్నే టిఫిన్ చేశాడు. ఈ మాట చెప్పగానే తను పడీపడీ నవ్వింది. మళ్లీ ‘నువ్వు’లోకి వచ్చేసింది. “నువ్వు కూడా చెయ్యొచ్చు, అబ్బాయ్” అంది.

మాటల్లో పడి లెక్క కూడా తీశాను, అది నా జబ్బు. 2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా టైమ్ యూజ్ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అసలు చేసేవాళ్లే మగవాళ్లలో నూటికి 26 మంది, ఆడవాళ్లలో 81 మంది. నేను ఆ 26లో లేను. ప్రార్థనకి ఓపిక లేదని ఆమె అన్నది భక్తి తగ్గి కాదని ఈ లెక్క చూశాకే నాకు తలకెక్కింది. ఆమె దగ్గర నిమిషాలే లేవు.

బియ్యం డబ్బా

మా అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆవిడ కోడలి వైపే మాట్లాడింది, ముందే తెలుసు. మాటల్లో నాకు దేవుని బియ్యం డబ్బా గుర్తొచ్చింది. అన్నానికి బియ్యం కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేసేది. నిండాక ఆదివారం గుడికి తీసుకెళ్లేది. మిజోరంలో ఇదే పద్ధతి 1910లో మొదలై, బుహ్‌ఫాయ్ థామ్ పేరుతో ఇవాళ్టికీ నడుస్తోంది. ఇంటింటి గుప్పెళ్లే కలిసి అక్కడి ప్రెస్బిటేరియన్ చర్చికి ఏటా కోట్ల రూపాయలవుతున్నాయి. చేతిలో డబ్బు లేని ఆడవాళ్లు ఇవ్వగలిగింది వాళ్ల చేతి కిందున్న బియ్యమే.

“నెలాఖర్లో బియ్యం చాలకపోతే ఏం చేసేదానివి?” అని అడిగాను.

“నా కంచంలోది తగ్గేది, ఇంకేముంది” అంది అమ్మ. మేము ముగ్గురు పిల్లలం. ఆ ముక్క ఇరవై ఎనిమిదేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ డబ్బా మీద నేను మూడుసార్లు స్టేటస్ పెట్టాను.

పాలగిన్నె

బ్రదర్ లారెన్స్ అని 17వ శతాబ్దంలో ఒకాయన ఉండేవాడు. సైన్యంలో గాయపడి వచ్చి, 1640లో ప్యారిస్‌లో కార్మెలైట్ మఠంలో చేరాడు. ఫాదర్ కాదు, మామూలు బ్రదర్. వంటశాలలో పడేశారు. ఆయనకి వంటపనంటే అస్సలు ఇష్టం లేదు. అయినా పదిహేనేళ్ల పాటు అదే పని చేస్తూ, గిన్నెల మధ్య కూడా ప్రార్థనలో ఉన్నట్టే దేవుడితో ఉండొచ్చని చెప్పాడు. 1691లో చనిపోయాక ఆయన మాటలూ ఉత్తరాలూ చిన్న పుస్తకంగా వచ్చాయి. మన యూత్ గ్రూపుల్లో ఆ పుస్తకం బాగా తిరుగుతుంది. నేను రెండుసార్లు చదివాను, మంచం మీద పడుకుని.

ఇప్పుడు రాత్రి గిన్నెలు నావి. పాఠం కోసం కాదు, పని కోసమే. మొదటి వారం ఘోరం. జిడ్డు గిన్నెలు ముందు తోమి, అదే పీచుతో గ్లాసులు తోమాను. గ్లాసులన్నీ కూర వాసన. ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, చివర్లో పెనం, మూకుడు అనే వరస ఎవరూ చెప్పరు, చేస్తే తెలుస్తుంది. చారు చేసిన రోజు సుఖం, పప్పు అడుగంటిన రోజు నరకం. మొదటి పది రోజులూ నాకు దేవుడు గుర్తొచ్చింది, “ఇంకా ఎన్ని గిన్నెలు ప్రభువా” అనుకున్నప్పుడే.

యూత్ మీటింగ్‌లో ఈ కథే చెప్పాను. ముందు తనకి చదివి వినిపించి, సరేనన్నాకే. “గ్రైండర్ సంగతి మాత్రం వదలకు” అంది. వదల్లేదు. అయ్యాక ఒక తమ్ముడు వచ్చి, “అయితే అన్నా, ఇక స్టేటస్‌లు పెట్టొద్దంటావా?” అని అడిగాడు. ఏం చెప్పాలో తెలీలేదు. ఆ రోజు భోజనాల దగ్గర అన్నం బేసిన్లు కడగడానికి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. వచ్చే ఆదివారం వస్తారో లేదో చూడాలి.

మొన్న రాత్రి పదకొండైంది. పాలు పొంగి మాడిన గిన్నె తోముతున్నాను. తన కాల్ అయిపోయింది. హెడ్‌సెట్ మెడలో వేలాడుతుండగానే వచ్చి, పక్కన నిలబడి కంచాలు తుడవడం మొదలుపెట్టింది. కాసేపాగి, “ఇక్కడే ప్రార్థన చేసేద్దామా?” అంది. నేను పిలవలేదు. ఆమే చేసింది. ఆసుపత్రిలో ఉన్న తన టీమ్‌మేట్ వాళ్లమ్మ కోసం, వాళ్ల నాన్న మోకాళ్ల కోసం, పైఫ్లోర్‌లో పని పోయిన అబ్బాయి కోసం. ఈ ముగ్గురి సంగతీ నాకు తెలీదు. రెండేళ్లుగా మా ఇంటి ప్రార్థన నేనే చేస్తున్నాను, అందులో ఒక్కరి పేరూ రాలేదు.

ఆమెన్ అన్నాను. గిన్నె అడుగు ఇంకా నల్లగానే ఉంది. ఆమె ఒంగి చూసి, “ఇక వదిలెయ్. నీళ్లు పోసి ఉంచు, పొద్దున్నకి వచ్చేస్తుంది” అంది.